అంతర్జాలంలో పుస్తకాల అంగడి: ఒక పునర్నిర్మాణ పాఠం

అంగడి అనగానే మనకు గోడలు, అరలు, గల్లాపెట్టె, ఆ పెట్టె వెనుక కూర్చున్న మనిషి స్ఫురిస్తారు. అంతర్జాలపు అంగడిలో ఇవేవీ కనిపించవు. అక్కడ ఉన్నదంతా అక్షరమే. సరకు పేరు అక్షరం, దాని వెల అక్షరం, కొన్నవారి చిరునామా అక్షరం. అట్టి అంగడిని ఒక చోటినుండి మరొక చోటికి మార్చడమంటే లక్షలాది అక్షరాలను చెదరకుండా మోసికొని పోవడమే. తెలుగు చెప్పుకొనే ఉపాధ్యాయుడు ఈ విషయమై కలం పట్టడం మన బి.కాం. కంప్యూటర్స్ విద్యార్థులకు వింతగా తోచవచ్చును. పని పూర్తిచేసిన తరువాత మాత్రం ఇందులో సగభాగం భాషాశాస్త్రమేనని నాకు తోచింది.

మా మామూ హైదరాబాదులో ఛత్తాబజారు ప్రాంతాన చిరకాలంగా ఉర్దూ, తెలుగు పుస్తకాలు అమ్ముతున్నారు. 2013 లో ఆయన కుమారుడు ఎవరిచేతనో ఆ దుకాణానికి ఒక వెబ్‌సైట్ కట్టించాడు. దానికి ఆధారం మాజెంటో అనే సాఫ్ట్‌వేరు, దాని మొదటి తరం. 2008 లో వెలువడిన ఈ సాఫ్ట్‌వేరును ఆ రోజులలో ప్రపంచమంతటా చిన్నా పెద్దా దుకాణాలవారు వాడుకున్నారు. 2015 లో దాని రెండవ తరం వచ్చింది. మొదటి తరానికి తయారీదారుల రక్షణ 2020 జూన్ 30 తో ముగిసింది.

రక్షణ ముగియడమంటే ఏమిటో విద్యార్థులు స్పష్టంగా గ్రహించాలి. దుకాణం ఆనాడే మూతపడదు. ఎప్పటివలెనే తెరచుకొంటుంది, ఎప్పటివలెనే పుస్తకాలు అమ్ముడుపోతాయి. అయితే ఆ తరువాత గోడలో ఎక్కడ కన్నం కనబడినా పూడ్చే బాధ్యత ఎవరికీ ఉండదు. 2020 సెప్టెంబరులో ఒక్క వారాంతంలోనే సుమారు 2,000 మాజెంటో దుకాణాలలో దొంగలు చొరబడి, కొనుగోలుదారులు నింపే కార్డు వివరాలను కాజేసే చిన్న ప్రోగ్రాములను అమర్చిపోయారు. వాటిలో అత్యధికం మొదటి తరంవే. ఆ వార్త చదివి కూడ మేము మూడేండ్లు ఊరకున్నాము. పి.హెచ్.పి. అనే భాషలో 5.6 అనే పాత రూపం మీద మా దుకాణం నడిచేది. ఆ రూపానికి 2018 చివరనే ఆయువు తీరింది. ఇక దానిని తమ యంత్రాలపై ఉంచబోమని సర్వరు అద్దెకిచ్చినవారు తెలియజేసిన తరువాతగాని మాకు మెలకువ రాలేదు.

కొత్తగా కట్టియిచ్చుటకు ఒకరు అడిగిన మొత్తం ఆ దుకాణపు ఒక సంవత్సరపు అంతర్జాల లాభానికంటె ఎక్కువ. 2024 వేసవి సెలవులు నా చేతిలో ఉన్నాయి. అందువలన పనికి నేనే పూనుకొన్నాను.

ఇట్టి పనికి దారులు రెండు. నెలనెలా అద్దె చెల్లించి, సిద్ధంగా ఉన్న కట్టడంలో చేరడం ఒకటి. సొంత స్థలంలో, ఉచితంగా దొరికే సామగ్రితో మనమే కట్టుకోవడం మరొకటి. అద్దె కట్టడాలలో ప్రసిద్ధమైన షాపిఫై చరిత్ర వినదగినది. కెనడాలో టోబియాస్ లుట్కె అనే యువకుడు 2004 లో మంచుపై జారే పలకలు అమ్మడానికి ఒక అంతర్జాల అంగడి పెట్టదలచి, దొరికిన సాఫ్ట్‌వేరు ఏదీ నచ్చక తానే ఒకటి వ్రాసుకొన్నాడు. పలకల వ్యాపారం మరుగునపడింది. ఆ సాఫ్ట్‌వేరే 2006 లో షాపిఫై అయింది. అద్దె పద్ధతిని నేను తక్కువ చేయను. మరమ్మతుల చింత ఉండదు. కాని నెలకు పాతిక ముప్పై పుస్తకాలు అమ్మే దుకాణానికి ఆ అద్దె బరువు. కనుక వర్డ్‌ప్రెస్ మీద నడిచే వూకామర్స్‌ను ఎన్నుకొన్నాము. ఇది 2011 లో ఆరంభమైనది, ఉచితము. ఉచితమన్నమాటేగాని సర్వరు అద్దె, కాలానుగుణంగా చేయవలసిన సవరణలు, ప్రతిదినం నకలు తీసి దాచడం, ఇవన్నీ మన నెత్తినే ఉంటాయి. ఈ బరువు మోయలేనివారు అద్దె కట్టడానికి పోవడమే మేలు.

మొదటి పని పాత దుకాణంలో ఏమున్నదో తెలిసికోవడం. పాత మాజెంటోలో ఒక పుస్తకపు వివరాలన్నీ ఒకచోట ఉండవు. పేరు ఒక పట్టికలో, వెల ఇంకొక పట్టికలో, పరిచయ వాక్యాలు మరొక పట్టికలో ఉంటాయి. వీటన్నిటినీ కలిపేది పుస్తకానికిచ్చిన ఒక సంఖ్య. ఈ ఏర్పాటు లక్ష సరకుల వర్తకునికి అవసరం కావచ్చు, మాకు మాత్రం శిరోభారమైంది. ఆ పట్టికలను కూర్చి, ఒక పుస్తకానికి ఒక వరుస చొప్పున పెద్ద పట్టీ తయారుచేస్తే 1,264 వరుసలు వచ్చాయి. తెలుగు 702, ఉర్దూ 431, తక్కినవి ఇంగ్లీషు, హిందీ. ఆ పట్టీని కొత్త దుకాణంలోకి ఎక్కించాను. తెర మీద తెలుగు లేదు, ఉర్దూ లేదు. నెత్తిన గుర్తులు తగిలించిన లాటిన్ అక్షరాలు బారులు తీరి ఉన్నాయి.

ఇక్కడ కొంచెం నిలిచి పాఠం చెప్పుకోవాలి. యంత్రానికి అక్షరం తెలియదు, సంఖ్యయే తెలుసు. యూనికోడ్ అనే ప్రపంచ ప్రమాణంలో మన 'క' కు 3093 అనే సంఖ్య ఇచ్చారు. ఉర్దూ అలిఫ్‌కు 1575. దాచేటప్పుడు ఈ సంఖ్యలను బైట్లు అనే చిన్న గదులలో సర్దుతారు. ఒక్కొక్క గదిలో 0 మొదలు 255 వరకే పడుతుంది. సర్వత్రా వాడుకలో ఉన్న యు.టి.ఎఫ్-8 పద్ధతిలో 'క' మూడు గదులు ఆక్రమిస్తుంది: 224, 176, 149. అలిఫ్‌కు రెండు గదులు చాలు: 216, 167. చదివే యంత్రానికి ఈ పద్ధతి చెప్పకపోతే అది ఒక్కొక్క గదిని ఒక్కొక్క లాటిన్ అక్షరమనుకొని చదువుతుంది. నా తెర మీద జరిగినది అదే. ఇది చూడడానికి భయంకరంగా ఉంటుందిగాని నిజానికి నష్టమేమీ లేదు. గదులలోని సంఖ్యలు భద్రంగానే ఉన్నాయి, చదువు మాత్రమే తప్పు. పద్ధతి సరిచేసి మరల ఎక్కించగానే తెలుగూ ఉర్దూ కళకళలాడుతూ లేచి కూర్చున్నాయి.

కాని 188 పుస్తకాల పేర్లు లేవలేదు. ఆ వరుసలలో ఉన్నవి కేవలం ప్రశ్నార్థక చిహ్నాలు.

వీటి కథ వేరు. 2017 లో వెలలు మార్చవలసివచ్చి, మామూ కుమారుడు పుస్తకాల పట్టీలో కొంత భాగం దింపుకొని, ఎక్సెల్‌లో వెలలు దిద్ది, సాధారణ సి.ఎస్.వి. రూపంలో దాచి, తిరిగి ఎక్కించాడు. ఆ సాధారణ రూపానికి పాశ్చాత్య అక్షరాలు తప్ప తెలియవు. తనకు తెలియని ప్రతి అక్షరం స్థానంలోను అది ఒక '?' పెట్టి ఊరకుంటుంది. అదే పట్టికలో 'యు.టి.ఎఫ్-8 సి.ఎస్.వి.' అని మరొక వరుస కనిపిస్తుంది. దానిని ఎంచుకొనియుంటే ఏ బాధా లేకపోయేది. ఇందాకటి దానికి మందు ఉన్నది, దీనికి లేదు. 3093 ఉండవలసినచోట ప్రశ్నార్థకపు సంఖ్య అయిన 63 కూర్చున్నది. 'క' అయినా 63, 'ఖ' అయినా 63. ఆ సంవత్సరమే చూచి సరిచేయవలసింది, రేపు మాపు అని వదలివేశారు.

ఆ 188 లో 121 పుస్తకాలు దుకాణపు అరలలో దొరికాయి. అట్టలు చూచి పేర్లు ఎక్కించాము. తక్కిన 67 అమ్ముడైపోయినవి. లేని సరకుకు పేరెందుకు, తీసివేద్దామని నేనన్నాను. మామూ ఒప్పుకోలేదు. "బేటా, వాటిలో కొన్ని వ్రాసినవారే స్వయంగా అచ్చు వేయించి నా చేతికి ఇచ్చిపోయినవి. రేపు వారి పిల్లలు వచ్చి మా నాయన పుస్తకం మీ దగ్గర ఉండేదట కదా అంటే ప్రశ్నార్థకం చూపించనా?" అన్నారు. ఆలోచిస్తే అది నిజం. జిల్లా కేంద్రాలలో మూడు నాలుగు వందల ప్రతులు అచ్చయి, ఏ గ్రంథాలయానికీ చేరని పుస్తకాలు అవి. అట్టివాటిలో కొన్నిటి పేరు ఈ పట్టీలో తప్ప మరెక్కడా మాకు కనబడలేదు. పరిశోధక విద్యార్థులు ఉత్తరాలు వ్రాసి అడిగేది కూడ ఇట్టి పుస్తకాలనే.

ఆధారం మామూ చేతివ్రాత చిట్టా. కొన్న తేదీ, వెల, పేరు అన్నీ అందులో ఉన్నాయి. తేదీని, వెలను పట్టి వరుసలు జత చేయగా ఉర్దూ పుస్తకాలు 29 వెంటనే తేలాయి. చిక్కు తెలుగు పుస్తకాలతో వచ్చింది. మామూ తెలుగు ధారాళంగా మాట్లాడుతారు, చదువుతారు, కాని చిట్టాలో తెలుగు పేర్లను సైతం ఉర్దూ లిపిలోనే వ్రాసుకొన్నారు. ఉర్దూ వ్రాతలో హ్రస్వస్వరాలను సాధారణంగా గుర్తించరు, ద్విత్వపు గుర్తును తరచు వదలివేస్తారు, ల-ళ, న-ణ భేదం ఆ లిపిలో లేదు. 'మనసు' అని వ్రాసినా 'మనస్సు' అని వ్రాసినా ఒకే రూపం.

ఇక్కడ ఆ ప్రశ్నార్థకాలే ఆదుకున్నాయి. ఒక్కొక్క యూనికోడ్ సంకేతానికి ఒక్కొక్క '?' చొప్పున మిగిలిందని చెప్పితిని గదా. అంటే పేరులో ఎన్ని సంకేతాలున్నాయో లెక్క మిగిలియున్నది, మాటల నడుమ ఖాళీలు కూడ చెక్కుచెదరలేదు. ఛందస్సులో మనము 'కన్యాశుల్కం' అనే మాటకు నాలుగు అక్షరాలు లెక్కిస్తాము. యంత్రపు లెక్కలో హల్లు ఒకటి, పొల్లు ఒకటి, గుడి, కొమ్ము, సున్న ఒక్కొక్కటి. ఆ లెక్కన క, న, పొల్లు, య, దీర్ఘం, శ, కొమ్ము, ల, పొల్లు, క, సున్న, వెరసి 11. అదే విధంగా 'మనసు' కు నాలుగు ప్రశ్నార్థకాలు, 'మనస్సు' కు ఆరు. చిట్టాలోని ఉర్దూ రూపాన్ని ఒక చేత, ప్రశ్నార్థకాల లెక్కను ఒక చేత పట్టుకొని, గణవిభజన చేసినట్లు ఒక్కొక్క పేరే విడగొట్టుతూ పోయాను. 21 పేర్లు తేలాయి. 17 తేలలేదు. 'కల' యో 'కళ' యో లెక్క చెప్పలేదు, రెండింటికీ సంకేతాలు రెండేగదా.

పేర్లు సరిగానే ఉన్న పుస్తకాలు కూడ కొన్ని వెదికితే దొరకలేదు. కారణం కంటికి కనబడని తేడాలు. ఉర్దూ కాఫ్ సంఖ్య 1705. అరబ్బీ కాఫ్ సంఖ్య 1603. మాట నడుమ రెండూ ఒకే రూపంలో కనిపిస్తాయి. 'యే' కూడ అంతే, ఉర్దూది 1740, అరబ్బీది 1610. ఒకరు అరబ్బీ కీబోర్డుతో 'కితాబ్' అని ఎక్కించి, కొనేవారు ఉర్దూ కీబోర్డుతో వెదికితే యంత్రానికి అవి రెండు వేరు మాటలు. తెలుగులోను ఇట్టి అదృశ్యవస్తువు ఒకటి ఉన్నది. 'కాలేజ్‌లో' అన్నప్పుడు జ కింద ల ఒత్తు పడకుండా ఆపడానికి 8204 సంఖ్యగల ఒక కనబడని గుర్తు పెడతాము. ఒకరు పెట్టి ఒకరు పెట్టకపోతే వెదుకులాట తప్పిపోతుంది. ఉర్దూ పేర్లన్నిటినీ ఉర్దూ సంఖ్యలకు మార్చి, తెలుగు పేర్లకు అదృశ్య గుర్తు లేని రూపాన్ని కూడ వెదుకుడు పదంగా చేర్చాము. ప్రచురణకర్తలు పంపే పట్టీలను గూర్చి ఒక హెచ్చరిక. అను ఫాంట్లలో కూర్చిన తెలుగు, పాత ఇన్‌పేజ్‌లో కూర్చిన ఉర్దూ యూనికోడ్ కావు. కాగితం మీద ఎంత అందంగా ఉన్నా వాటిని యథాతథంగా అతికించరాదు, మార్చే ప్రోగ్రాము ద్వారా మార్చి, ఆపై కంటితో చదివి దిద్దాలి.

ఎక్సెల్ చేసిన మరొక ఉపకారం కూడ చెప్పాలి. పుస్తకాలకు 13 అంకెల ఐ.ఎస్.బి.ఎన్. ఉంటుంది. దానిని పెద్ద సంఖ్యగా భావించి ఎక్సెల్ సంక్షిప్తంగా చూపుతుంది. అలా ఉండగా సి.ఎస్.వి.గా దాచితే చివరి అంకెలు సున్నలైపోతాయి. ఆ నిలువు వరుసను ముందుగానే 'టెక్స్ట్' అని నిర్దేశించడమే దీనికి విరుగుడు. చెడిన సంఖ్యను పట్టుకొనే ఉపాయం ఆ సంఖ్యలోనే ఉంది. అంకెలను వరుసగా 1, 3, 1, 3 చేత హెచ్చించి కూడితే మొత్తం 10 చేత నిశ్శేషంగా భాగింపబడాలి. ఈ లెక్కతో మేము 40 కి పైగా తప్పులు పట్టాము.

చిరునామాల విషయంలో తప్పు పూర్తిగా నాదే. ప్రతి పుస్తకానికి వెబ్‌లో ఒక చిరునామా ఉంటుంది. భాషాభిమానం కొద్దీ వాటిని తెలుగు లిపిలోనే ఉంచుదామనుకొన్నాను. చిరునామాలో ఒక తెలుగు సంకేతం తొమ్మిది గుర్తులుగా విస్తరిస్తుంది. 'కన్యాశుల్కం' ఒక్కటే 99 గుర్తులు. వర్డ్‌ప్రెస్ ఇందుకు కేటాయించిన చోటు 200 గుర్తులు. అనగా 22 సంకేతాలు దాటితే మాట మధ్యలోనే తెగిపోతుంది. పుస్తకం పేరుతోబాటు రచయిత పేరు కూడ ఉంటే తెగక తప్పదు. పైగా ఆ లింకును వాట్సాప్‌లో పంపితే శాతపు గుర్తులతో పది వరుసల చిందరవందర కనిపించింది. అభిమానాన్ని దిగమ్రింగి పాత దుకాణంలోని రోమన్ లిపి చిరునామాలనే తీసికొన్నాను. దానివల్ల మరొక మేలు కలిగింది. పాతవాటికీ కొత్తవాటికీ ముందు వెనుకల కొద్ది మార్పు తప్ప నడిమి భాగం ఒకటే కావడంతో, పాత చిరునామాకు వచ్చినవారిని కొత్తదానికి శాశ్వతంగా పంపే 301 అనే ఆదేశం ఒక్క సూత్రంతో సరిపోయింది. ఈ ఆదేశం లేకపోతే పదేండ్లుగా ఎందరో తమ వ్యాసాలలోను, సందేశాలలోను ఇచ్చిన లింకులన్నీ వ్యర్థమై పోతాయి.

కొనుగోలుదారుల రహస్యపదాలు తరలింపబడవు. దుకాణం అసలు రహస్యపదాన్ని దాచదు, దానిని నలిపి తీసిన ఒక ముద్రను మాత్రమే దాచుతుంది. ముద్రనుండి పదం తిరిగి రాదు, ఒక దుకాణపు ముద్రవేసే పద్ధతి మరొకదానికి సరిపడదు. అందరికీ కొత్త రహస్యపదం పెట్టుకొమ్మని వినయంగా ఒక జాబు పంపాము. అయిదేండ్లుగా ఏమీ కొననివారి చిరునామాలను అసలు తీసికొని రాలేదు. పరుల వివరాలను అవసరానికి మించి దాచుకోవడం మంచిది కాదు, 2023 నాటి వ్యక్తిగత సమాచార రక్షణ చట్టపు ఉద్దేశం కూడ అదే. వాణిజ్య విద్యార్థులు గమనించవలసినది బిల్లుల వరుస. వూకామర్స్ ఆర్డర్లకు ఇచ్చే సంఖ్యలు ఎడంగా ఉంటాయి, నడుమ అంకెలు ఎగిరిపోతాయి. జి.ఎస్.టి. నమోదు ఉన్న వర్తకుడు వేసే బిల్లుల సంఖ్యలు వరుస తప్పరాదు, 16 గుర్తులు మించరాదు. అచ్చు పుస్తకాలకు పన్ను లేకపోయినా బిల్లుకు ఈ నియమం తప్పదు. కనుక బిల్లు సంఖ్యలను వేరే వరుసలో నడపాలి. తపాలా ఖర్చులకోసం బరువునుబట్టి పుస్తకాలను నాలుగు తరగతులు చేశాము. చెల్లింపుల ఏర్పాటు అనుకొన్నంత కష్టం కాలేదు. ముందు పరీక్షా పద్ధతిలోను, తరువాత నిజంగానే ఒక్క రూపాయి యు.పి.ఐ. ద్వారా పంపి తిరిగి రాబట్టుకొని చూచుకొన్నాము.

పని అంతా ఇంటి కంప్యూటరు మీద పూర్తిచేసి, పాత దుకాణపు నకలు రెండు చోట్ల దాచి, జూన్ మొదటివారంలో ఒక రాత్రి పదకొండు గంటలకు మార్పు చేశాము. తెల్లవారిన తరువాత వచ్చిన మొదటి ఆర్డరు ఒక పాత లింకు ద్వారా వచ్చింది. మామూ దానిని చూచి, చిట్టా తెరచి, ఎప్పటివలెనే ఉర్దూలో వ్రాసుకొన్నారు. ఈసారి పక్కనే నా చేత తెలుగులో కూడ వ్రాయించారు.

మన కళాశాల గ్రంథాలయపు పట్టికను కంప్యూటరుకు ఎక్కించాలన్న ఆలోచన కమిటీ పెద్దలకు ఉన్నట్లు విన్నాను. మన దగ్గరను రెండు లిపులు, మన దగ్గరను పాత చేతివ్రాత రిజిస్టర్లు ఉన్నాయి. ఎక్కించే పని బయటివారికి అప్పగించినా, మొదటి వంద పేర్లు ఎక్కగానే ఉర్దూ శాఖవారు ఒకరు, తెలుగు శాఖవారు ఒకరు కూర్చొని తెర మీద చదివి చూచిన తరువాతనే తక్కినవి ఎక్కించవలసిందని, పని ముగిసిన పిమ్మట రిజిస్టర్లను పాత కాగితాలవానికి వేయవద్దని సవినయంగా మనవి చేస్తున్నాను. నా వంతు చదివే పనికి నేను సిద్ధం.

తేలని ఆ 17 పేర్ల పట్టీ నా వద్ద ఉన్నది. వెల, కొన్న సంవత్సరం, ఉర్దూ లిపిలో మామూ వ్రాసిన రూపం, ప్రశ్నార్థకాల లెక్క అన్నీ అందులో ఉన్నాయి. కర్నూలు, కడప, గుంటూరు వైపు నుండి వచ్చే విద్యార్థుల ఇండ్లలో అటువంటి పుస్తకాలు ఉండే అవకాశం ఉంది. తెలుగు శాఖ గదికి వచ్చి ఒకసారి పట్టీ చూడగలరు.